ముఖం ఒక చోట, చెయ్యి ఒక చోట

అంబాజీపేట కొబ్బరి మార్కెట్ దాటి కాలవ గట్టెక్కారు మీరు. పొద్దున్న 8 కావస్తోంది. ఎడమవైపు కాలవ ఒడ్డు దాకా నిండి పారుతోంది. కుడివైపు తోటలు. తోటల ముందు పోసిన కొబ్బరి డొక్కల గుట్టలు రాత్రి మంచుకి తడిసి పుల్లటి వాసనేస్తున్నాయి. ఎవరి తోటలోనో వలుపు మొదలైంది. గునపం మీద కాయ దిగిన చప్పుడు, పీచు చిరిగిన చప్పుడు, వలిచిన కాయ రాశి మీదికి దొర్లిన చప్పుడు. ఆగకుండా, ఒకే లయలో. మీరు వెళ్తున్న ఇంటాయన కూడా ఇలా వలిచినవాడే. ఇప్పుడు అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆ చప్పుడు వింటున్నాడు.

"రండి రండి. ఇలా కూర్చోండి, ఇక్కడైతే గాలొస్తదండి," అంటూ ఎడం చేత్తో ఇంకో కుర్చీ లాగాడు. కుడిచెయ్యి గుడ్డపట్టీలో మెడకి వేలాడుతోంది. భుజం మీద కండ కరిగిపోయి ఎముక పైకి తేలింది. చొక్కా ఆ వైపు జారిపోతూ ఉంటుంది. మీ చూపు అక్కడికే పోయింది. ఆయన గమనించాడు, ఏమీ అనలేదు. వచ్చిన ప్రతివాళ్ల చూపూ ముందు అక్కడికే పోతుందని ఆయనకు ఎప్పుడో తెలిసిపోయింది.

ఈయనకు నేను పేరు పెట్టడం లేదు, ఊరి పేరూ చెప్పడం లేదు. అరుగు మీద కూర్చున్నది నిజానికి ఒక్క మనిషి కాదు. బండి మీంచి పడి చెయ్యి చచ్చుబడిన వాళ్లు మన గోదావరి జిల్లాల్లో గడిపే రోజుల్లోంచి అల్లిన ఒక రోజు ఇది. మీరు వచ్చి కూర్చోవాలి గనక ఒక ఇల్లూ ఒక కుటుంబమూ కట్టాను. నరాల సంగతి, కొలతల సంగతి, కెమెరా చరిత్ర మాత్రం ఉన్నవి ఉన్నట్టే చెబుతాను.

ఆ రాత్రి గట్టు మీద గేదె అడ్డొచ్చింది. బండి ఒక పక్కకి పోయింది, ఈయన ఇంకో పక్కకి. కుడిభుజం నేలకి కొట్టుకుంది, తల ఎడమకి వంగిపోయింది. మెడకీ భుజానికీ మధ్య ఉన్నదంతా ఆ క్షణంలో సాగిపోయింది. ఆ మధ్యలోనే ఉంటుంది బ్రాకియల్ ప్లెక్సస్. మెడ దగ్గర నాలుగు, ఛాతీ మొదట్లో ఒకటి, మొత్తం 5 నరాల మూలాలు వెన్నుపాములోంచి బయటికొచ్చి, కలిసి, విడిపోయి, మళ్లీ కలిసి చేతిలోకి దిగే చోటు అది. భుజం ఎత్తడం, మోచెయ్యి మడవడం, పిడికిలి బిగించడం, వేడీ చలీ తెలియడం అన్నీ వాటి మీదే నడుస్తాయి. ఈయనకి నరాలు మధ్యలో తెగలేదు. వెన్నుపాము దగ్గరే ఊడొచ్చాయి. తెగిన నరమైతే కుట్టొచ్చు, మధ్యలో ఇంకో నరం ముక్క వేసి అతకొచ్చు. మొదలంటా ఊడినదాన్ని తిరిగి వెన్నుపాములో నాటి పనిచేయించడం రోజువారీ వైద్యంలోకి ఇంకా రాలేదు. అందుకని సర్జన్లు దగ్గర్లో బాగున్న నరాన్ని ఇటు మళ్లిస్తారు. పక్కటెముకల మధ్య ఊపిరి కోసం పనిచేసే నరాల్లో రెండు మూడింటిని తెచ్చి, మోచెయ్యి మడిచే కండరానికి వెళ్లే నరంతో కలుపుతారు.

కలిపిన నరం రోజుకి దాదాపు 1 మిల్లీమీటరు చొప్పున ముందుకి పెరుగుతుంది. నెలకి అంగుళం. అవతల కండరం ఎప్పటిదాకానో ఆగదు. ఏడాది, ఏడాదిన్నర నరం అందకుండా ఉంటే తర్వాత అందినా స్పందించే శక్తి పోతుంది. దెబ్బ తగిలిన 3 నుంచి 6 నెలల్లోపు ఆపరేషన్ జరగాలని చెప్పేది అందుకే. మన దగ్గర సరిగ్గా ఆ నెలలే చేజారుతుంటాయి. ముందు ప్రాణం చూసుకుంటారు. తర్వాత విరిగిన ఎముక. తర్వాత, వాపు తగ్గితే అదే వస్తుందిలే అన్న మాట పట్టుకుని కొన్నాళ్లు. తర్వాత ఎవరో చెప్పిన పసరు కట్టు. ఈయన ఐదో నెలలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు చేరాడు, ఆ ఆపరేషన్ చేయించుకున్నాడు. చాలామంది ఆ టైములో కూడా చేరరు.

ఇంటి ముందు స్కూటీ ఆగింది. అమలాపురంలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి. హెల్మెట్ తీసి అరుగు అంచు మీద పెట్టి, నేరుగా విషయంలోకి వచ్చేసింది.

"అన్నా, ఎన్ని తీశారు?"

"లెక్కెట్టలేదండి మేడంగారు. అన్నీ వంకరగా వచ్చినాయి."

కిందటిసారి ఆమె ఈయనకి వ్యాయామాలతో పాటు ఇంకో పని అప్పజెప్పింది. రోజులో మీకు అడ్డొచ్చినవి, అచ్చొచ్చినవి, కోపం తెప్పించినవి, ఏది తీయాలనిపిస్తే అది మీ ఫోన్లో తీయండి. బాగా రావాలని ఏమీ లేదు. వేరే మనిషి పడేటట్టుంటే వాళ్లని అడిగి తీయండి. ఎవరికి చూపించాలో, ఎవరికి వద్దో మీరే చెప్పండి. ఇంతే చెప్పింది.

ఫోను అందుకునేముందు మంచం మీదున్న ఫైలు ఒకసారి తిప్పి చూడండి. కేసు షీట్లు, నరాల కరెంటు టెస్టు కాగితాలు, ఎమ్మారై రిపోర్టు. మధ్యలో ఆసుపత్రివాళ్లు తీసిన ఫోటోలు. ఆకుపచ్చ గుడ్డ ముందు చెయ్యి. ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి. ముఖం ఎందులోనూ లేదు. రోగి ఎవరో బయటపడకూడదని కావాలనే మెడ దగ్గర ఆపేస్తారు. అది న్యాయమే. ఇంకాస్త తిప్పితే వికలాంగ ధ్రువపత్రం. ఇందులో ఫోటోకి కేంద్ర ప్రభుత్వం నమూనాలో నియమం ఉంది: ముఖం మాత్రమే కనిపించాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద 40 శాతం లేదా అంతకు మించి ఉంటేనే చాలా సౌకర్యాలు అందుతాయి గనక ఆ ముఖం పక్కన ఒక అంకె. 2024 నుంచి మన రాష్ట్రంలో నెలకి 6,000 రూపాయల పింఛను వచ్చేది ఈ కాగితం చూపించాకే. ఆసుపత్రి దగ్గర చెయ్యి ఉంది, మనిషి లేడు. ప్రభుత్వం దగ్గర ముఖం ఉంది, చెయ్యి లేదు. రెండూ అవసరమైన ఫోటోలే. ఆ రెండింటి మధ్య ఉన్న మనిషి పొద్దున్న లేచి చొక్కా ఎలా తొడుక్కుంటున్నాడో మాత్రం ఫైలు మొత్తంలో ఎక్కడా లేదు.

నరాల వైద్యంలోకి కెమెరా కొత్తగా వచ్చిందేమీ కాదు. 1862లో పారిస్‌లో దుషెన్ అనే డాక్టరు ముఖం కండరాలకి కరెంటు పెట్టి, ఏ కండరం కదిలితే ఏ భావం పుడుతుందో ఫోటోలతో పుస్తకం వేశాడు. అందులో ఎక్కువసార్లు కనపడే ముసలాయనకి ముఖంలో స్పర్శ పోయింది. కరెంటు పెట్టినా నొప్పి తెలియదు గనకనే ఆయన ఆ ప్రయోగానికి పనికొచ్చాడు. ఆ ఫోటోలు ఇప్పటికీ చూస్తారు. ఆయన నవ్వినట్టుంటుంది, భయపడినట్టుంటుంది. అవేవీ ఆయన నవ్వులు కావు, ఆయన భయాలు కావు. స్పర్శ లేని ముఖంతో ఆయన ఎలా తిన్నాడో, గడ్డం ఎలా గీసుకున్నాడో ఆ ఫోటోల్లో వెతికినా దొరకదు. కెమెరా ఆయనకి ఇచ్చి ఉంటే దొరికేదేమో.

ఇప్పుడు ఫోను చూడండి. ముగ్గురూ దాని మీదికి వంగారు.

మొదటిది దండెం మీది చొక్కా. పై రెండు గుండీలు తప్ప మిగతావన్నీ పెట్టేసి ఉన్నాయి. భార్య ముందే పెట్టి ఆరేస్తుందట, ఈయన తల మీంచి దూర్చుకోవడానికి. తర్వాతది లుంగీ. ముడి ఒక్క చేత్తో పడదు గనక ఇప్పుడు ఎలాస్టిక్ నిక్కరు మీద చుట్టుకుంటున్నాడు. వీటి దగ్గర ఎవరూ ఎక్కువసేపు ఆగలేదు.

మూడోది గునపం. నేలలో పాతిన ఇనప గునపం, మొన తుప్పు పట్టింది, మొదట్లో గడ్డి మొలిచింది. ఫోటో మోకాలెత్తు నుంచి తీసింది, గునపం మొన సరిగ్గా ఆకాశంలోకి ఉంది.

"ఇక్కడేం కనపడుతోందన్నా?" అని ఆ అమ్మాయి అడిగింది. ఆమెకి కనపడుతూనే ఉంది. అయినా అడిగింది.

"గునపమండి."

"అక్కడ ఏం జరుగుతోంది?"

"ఏం జరగట్లేదండి. అదే."

కాస్త ఆగి ఆయనే అందుకున్నాడు. వలుపు అంటే బలం అనుకుంటారండి, బలం సగమే. కాయని రెండరచేతుల్లో పట్టుకుని తొడిమ పక్కన ఎక్కడ గుచ్చాలో చెయ్యే చూసుకుంటది. గుచ్చి, కిందికి నొక్కి, పక్కకి తిప్పాలి. ఒక చెయ్యి నొక్కుతుంటే ఇంకోటి తిప్పుతది. కూలి వెయ్యి కాయల లెక్కన. మాట్లాడుకుంటూనే వలిచేవాళ్లం, గునపం వైపు చూసేవాళ్లం కాదు. ఇదంతా చెబుతుండగా ఆయన ఎడంచెయ్యి గాల్లోకి లేచి తిప్పుతోంది. కుడిది ఒళ్లోనే ఉంది. కానీ కుడి భుజం కూడా, ఎముకల దాకా కరిగిన ఆ భుజం, అంగుళమంత ముందుకి వచ్చింది. మీరు చూశారు. ఆ అమ్మాయీ చూసింది. ఆకుపచ్చ గుడ్డ ముందు నిలబెట్టి "చెయ్యి ఎత్తండి" అన్నప్పుడు ఇది కనపడేది కాదు.

ఇలా మనిషికి ఫోటో చూపించి మాట్లాడించడం 1950లలో జాన్ కోలియర్ అనే అమెరికన్ పరిశోధకుడు రాసిపెట్టిన పద్ధతి. ఉత్తి ప్రశ్నలడిగితే రాని మాటలు ఫోటో ముందు పెడితే వస్తున్నాయని ఆయన 1957లో రాశాడు. అప్పటికింకా ఫోటో తీసేది పరిశోధకుడే. కెమెరాను మనుషులకే ఇచ్చేసే పద్ధతికి పేరూ రూపమూ 1990లలో వచ్చాయి. చైనాలో యున్నాన్ పల్లెల్లో కరోలైన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ అక్కడి ఆడవాళ్లకి కెమెరాలిచ్చారు. వాళ్లు తమ పనీ తమ ఆరోగ్యమూ తామే తీశారు, తీసినవి పట్టుకుని అధికారులతో మాట్లాడారు. దానికి ఫోటోవాయిస్ అని పేరు. ఆ పద్ధతిలో ఫోటో ముందు కూర్చుని వేసుకునే ప్రశ్నలే ఈ అమ్మాయి వేస్తున్నది: ఏం కనపడుతోంది, అసలేం జరుగుతోంది, మన బతుకుతో దీనికేం సంబంధం, ఇలా ఎందుకుంది, ఏం చేయగలం. ప్రశ్నలు చిన్నవే. జవాబు వచ్చేదాకా ఆగడమే కష్టం. ఈ అమ్మాయి ఆగగలదు. ఆమెలో నాకు నచ్చింది అదే.

తర్వాతి ఫోటో పూర్తిగా నలుపు. పొరపాటున నొక్కాడేమోనని మీరు దాటించబోయారు. ఆయన ఆపాడు. "అది తీసిందేనండి." కింద టైము చూడండి: 2:17.

"ఆ టైములో ఏం కనపడదు గదండీ. మంట మాత్రం ఉంటది. వేళ్లల్లో. వేళ్లకి గిచ్చినా తెలవదు, మంట మాత్రం వేళ్లల్లోనే. మధ్యలో కరెంటు కొట్టుద్ది."

స్పర్శ లేని చోట నొప్పి ఎలా ఉంటుందని మీకు అనుమానం రావచ్చు. ఇంట్లోవాళ్లకీ వస్తుంది. కొందరు డాక్టర్లు కూడా ఒకటికి రెండుసార్లు అడుగుతారు. నరాల మూలాలు ఊడిపోయాక వెన్నుపాములో ఆ చోటికి చేతి నుంచి కబురు రావడం ఆగిపోతుంది. కబురు లేని కణాలు ఊరుకోవు, వాటంతటవే రేగుతుంటాయి. మెదడుకి అది చేతి నొప్పిగానే అందుతుంది. అమెరికా అంతర్యుద్ధంలో తూటా తగిలి నరాలు దెబ్బతిన్న సైనికుల్ని ఫిలడెల్ఫియాలో చూసిన వైర్ మిచెల్ అనే డాక్టరు 1864లో తన సహచరులతో కలిసి ఇలాంటి మంట గురించి పుస్తకం రాశాడు. అది వేరే రకం నరాల గాయం. అయినా ఆ సైనికులు చేతికి తడిగుడ్డ చుట్టుకుని, నీళ్లు దగ్గర పెట్టుకుని తిరిగేవాళ్లని అందులో చదివినప్పుడు నాకు మన ఇళ్లల్లో రాత్రిపూట మంచం పక్కన పెట్టుకున్న నీళ్ల గిన్నె గుర్తొచ్చింది. ప్రీగాబలిన్ బిళ్ల కొంత తగ్గిస్తుంది. తగ్గించినంత మగతా ఇస్తుంది. పొద్దున్న వ్యాయామం ఎందుకు చేయలేదని అడిగినప్పుడల్లా ఈయన "కుదర్లేదండి" అనేవాడు. ఫైల్లో ఆ రోజులకి ఎదురుగా, సహకరించడం లేదు, అని ఉంది. ఆ అమ్మాయి నల్లటి ఫోటో చూసి, ఫైలు చూసి, తలెత్తకుండా అడిగింది: "రోజూ ఈ టైముకేనా?"

"రోజూ కాదండి. వాన ముసురు పట్టినప్పుడు ఎక్కువ."

వ్యాయామం టైము పొద్దున్నుంచి సాయంత్రం 4కి మారింది. అక్కడికక్కడే, అరుగు మీద.

మళ్లీ ఫోన్లోకి రండి. ఒక చొక్కా వీపు. ఫోటో అంతా అదే, నీలం గళ్ల చొక్కా, పైన కొంచెం మెడ. ఎవరిదని అడిగితే బావమరిదిదట. "బండి మీద వెనకాల కూర్చుంటే నాకు కనపడేది ఇదేనండి. ఇదివరకు రోడ్డు కనపడేది." అంబాజీపేట నుంచి అమలాపురం దాకా ప్రతి గుంతా తెలిసిన మనిషి ఇప్పుడు ఆ గుంతలు వచ్చాకే తెలుసుకుంటున్నాడు. ఎడం చేత్తో సీటు వెనక కమ్మీ పట్టుకుంటే ఫోటో ఎలా తీశారని మీరు అడిగారు. లారీ అడ్డొచ్చి ఆగినప్పుడు తీశాడు.

తర్వాత ఒక అరటాకు. పెళ్లి భోజనాల బల్ల మీద, నీళ్లు చల్లి, ఇంకా ఏమీ వడ్డించని ఆకు. దీని దగ్గర ఆయన గొంతు తగ్గించాడు, లోపల ఆడవాళ్లు వింటారని. మూడో బంతి దాకా ఆగాడట. తెలిసినవాళ్ల పక్కన కూర్చుంటే ఎడం చేత్తో తినడం చూడాల్సొస్తుందని వాళ్లకి ఇబ్బంది, వాళ్ల ఇబ్బంది చూడాల్సొస్తుందని ఈయనకి ఇబ్బంది. అక్షింతలు ఎడం చేత్తో వేయకూడదని వెనక నిలబడ్డాడు. చదివింపులు రాయించేటప్పుడు డబ్బు కవరు కూతురి చేత ఇప్పించాడు. కుడిభుజం మీద జరీ కండువా, గుడ్డపట్టీ కనపడకుండా. ఎవరూ ఒక్క మాట అనలేదు. అందరూ మంచివాళ్లే, రెండుసార్లు కుర్చీ వేశారు. అయినా ఆ ఆకు ముందు కూర్చోడానికి ఆయనకి మూడు బంతులు పట్టింది.

కుడిచెయ్యి అంటే మనకి ఒక అవయవం మాత్రమే కాదు. ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి, ముద్ద కలిపే చెయ్యి, దణ్ణంలో సగం. కండరానికి 0 నుంచి 5 దాకా మార్కులు వేసే పద్ధతి రెండో ప్రపంచయుద్ధం కాలంలో బ్రిటన్‌లో వచ్చింది, ఇప్పటికీ ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడేది అదే. మోచెయ్యి దాని బరువును అదే పైకి లేపుకుంటే 3. కొంత అడ్డు పెట్టినా లేస్తే 4. ఆ అంకెలు కావాలి. అవి లేకపోతే ఆపరేషన్ పనిచేసిందో లేదో చెప్పలేం. కానీ మూడో బంతికి ఎన్ని మార్కులు వేస్తాం? ఈ ఫోటో చూడకముందు ఆ ప్రశ్న అడగాలని కూడా ఎవరికీ తోచదు.

"ఈ ఫోటో ఎవరికైనా చూపించొచ్చా?" ఆ అమ్మాయి అడిగింది.

"వద్దండి. మీరు చూశారు గదా, చాలు."

ఆమె నోట్సులో కూడా రాసుకోలేదు. ఇంగ్లండులో జో స్పెన్స్ అనే ఫోటోగ్రాఫరుకి 1982లో రొమ్ము కేన్సర్ అని తేలింది. ఆపరేషన్‌కి ముందు ఆ రొమ్ము మీదే ఇది జో స్పెన్స్ సొత్తేనా అన్న అర్థంలో ప్రశ్న రాసుకుని ఫోటో తీయించుకుంది. అప్పట్నుంచీ తన వైద్యాన్ని తానే కెమెరాతో వెంబడించింది. ఒళ్లు ఎవరిది అన్న ప్రశ్న వెంటే ఫోటో ఎవరిది అన్నదీ వస్తుంది. సాయం కోసమని మంచం మీది మనిషినీ ఏడుస్తున్న భార్యనీ తీసి నలుగురికీ పంచే ఫోటోలు మనం రోజూ చూస్తున్నాం. డబ్బు రావొచ్చు. వచ్చినా, ఆ మనిషి మళ్లీ ఊళ్లో నడవాల్సింది ఆ ఫోటోలోని మనిషిగానే. ఈ అరటాకు ఫోటో ఆయన ఫోన్లోనే ఉంటుంది.

కూతురు తీసిన వీడియో ఒకటి మధ్యలో వచ్చి అందర్నీ నవ్వించింది. నాన్న దగ్గుతున్నాడు. దగ్గినప్పుడల్లా గుడ్డపట్టీలోని చెయ్యి ఎగిరి పడుతోంది. "నాన్నా మళ్లీ దగ్గు" అని ఆ పిల్ల గొంతు. పక్కటెముకల నరం మోచేతికి కలిపారు గదా, కొత్త నరం కండరాన్ని అందుకున్న మొదటి నెలల్లో అలాగే ఉంటుంది. మెదడు ఊపిరి పీల్చమంటే మోచెయ్యి మడుస్తుంది. మోచెయ్యి మడవాలంటే గట్టిగా ఊపిరి పీల్చాలి. నెలల తరబడి సాధన చేస్తే మెదడు రెండింటినీ విడదీసుకుంటుంది, తర్వాత ఊపిరితో పని లేకుండా చెయ్యి లేస్తుంది. ఆ అమ్మాయి ఆ వీడియోని మూడుసార్లు చూసింది, నవ్వుతూనే మోచేతి కోణం చూసుకుంటూ.

ఒక సంగతి మీరు ఇప్పటికి గమనించే ఉంటారు. ఈయన తీసిన ఇన్ని ఫోటోల్లో చెయ్యి లేదు. చొక్కా ఉంది, గునపం ఉంది, రాత్రి ఉంది, ఆకు ఉంది. కుడిచెయ్యి ఎక్కడా పడలేదు. ఆసుపత్రివాళ్లు దాన్ని అన్ని వైపుల నుంచీ తీశారు. ఈయన ఒక్క వైపు నుంచీ తీయలేదు.

చివరిది సంచి. సంత నుంచి వస్తూ తీసింది. గుడ్డ సంచిలో ఆనపకాయ, కింద ఉల్లిపాయలు, పైన కొత్తిమీర. ఫోను ఎడం చేతిలో ఉంది గనక ఫ్రేము కొద్దిగా ఒరిగింది.

"సంచి తీశానండి," అన్నాడు. గొంతులో మార్పు మీకు వినపడింది.

"సంచి దేనికి తగిలించారన్నా?"

ఆయన ఫోను దగ్గరగా పెట్టుకుని చూశాడు. సంచి వేలాడుతున్నది ఆయన కుడి ముంజేతికి. మోచెయ్యి మడిచి ఉంది, మడిచే ఉంది, పట్టీ సాయం లేకుండా. ఎడంచెయ్యి ఖాళీ అయింది గనకనే ఫోటో తీయగలిగాడు. హైదరాబాదులో ఆరుగంటలకి పైగా బల్ల మీద పడుకోబెట్టి చేసిన పని, రోజుకి 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ వచ్చిన నరం, చివరికి ఒక ఆనపకాయ బరువు దగ్గరికి చేరింది. డాక్టరు 4 అని రాశాడు. ఆ 4 అంటే ఏమిటో ఇదిగో, ఈ ఫోటోలో ఉంది.

మీరు సంతోషించే లోపే ఆ అమ్మాయి రెండు వేళ్లతో ఫోటోని పెద్దది చేసింది. సంచి చెవి దిగిన చోట చర్మం మీద ఎర్రటి గాడి. "ఎంతసేపు మోశారు?" సంత నుంచి ఇంటిదాకా. "నొప్పి తెలీలేదా?" తెలీలేదు. తెలియదు. ఆమె పట్టీ విప్పి ముంజెయ్యి తిప్పి చూసింది. గాడి ఉన్నచోట చిన్న బొబ్బ చితికి ఎండుతోంది.

స్పర్శ పోయిన చేతులు ఎలా పాడవుతాయో ఈ జిల్లాలకి పాత పరిచయమే. రామచంద్రపురంలో కెనడా మిషన్‌వాళ్లు నడిపిన కుష్ఠు ఆసుపత్రికి వచ్చినవాళ్లవీ నరాలు దెబ్బతిన్న చేతులే. వేలూరులో పాల్ బ్రాండ్ ఏళ్ల తరబడి గమనించి తేల్చిందీ అదే: ఆ వేళ్లు రోగం తినేసి పోవడం లేదు. నొప్పి తెలియక వేడి గిన్నె పట్టుకుని, గట్టిగా తాళం తిప్పి, కోసుకుని, కాల్చుకుని, ఆ పుళ్లని పట్టించుకోక పోతున్నాయి. రాత్రి నిద్రలో ఎలుకలు కొరికినా తెలియని చేతులు అవి. ఆయన రోగులకి నేర్పిన మొదటి పాఠం, చెయ్యి చెప్పదు గనక రోజూ కళ్లతో చూసుకోమని. ఈయన తన చేతిని చూసుకోవడం మానేశాడని ఫోటోలన్నీ చెబుతూనే ఉన్నాయి. చివరికి ఒక్క ఫోటోలో పడితే అందులోనే పుండు కనపడింది.

"అన్నా, రోజూ పడుకునేముందు ఈ చేతికి ఒక ఫోటో. పైనా కిందా. నాకోసం కాదు, మీరు చూసుకోడానికి. సంచికి ముంజేతి మీద మందంగా గుడ్డ చుట్టుకోండి. మోయడం ఆపొద్దు."

వచ్చే నెల ఈయన మళ్లీ హైదరాబాదు వెళ్లాలి. తొడలోంచి ఒక కండరం తీసి చేతిలో పెట్టి వేళ్లకి కొంత పట్టు తెప్పించే ఆపరేషన్ ఉందని అక్కడ చెప్పారు. జపాన్‌లో కజుతెరు దోయి అనే సర్జను అలాంటి పద్ధతిని ముందుకి తెచ్చాడు, ఇప్పుడు మన దేశంలోనూ చేస్తున్నారు. ఇంకో పెద్ద ఆపరేషన్, ఇంకో ఏడాది పైన ఎదురుచూపు, వచ్చేది బలహీనమైన పట్టు. లేదా భుజం జారకుండా గట్టిపరిచే పని ఒకటే చేయించుకోవచ్చు. కిందటిసారి ఏం కావాలని సర్జను అడిగితే ఈయన "మీ ఇష్టమండి, మీరెలా అంటే అలా" అని వచ్చేశాడు. మనవాళ్లు చాలామంది అదే అంటారు. అది వినయమూ కాదు, తెలియకపోవడమూ కాదు. నాకేం కావాలి అన్నది ఆలోచించుకోడానికి కాగితం మీద చోటు లేకపోవడం.

ఇప్పుడు ఫోన్లో గునపాన్నీ సంచినీ పక్కపక్కన పెట్టి చూస్తున్నాడు. చాలాసేపు.

"గునపం పట్టే చెయ్యి రాదండి. అది నాకు తెలుసు. మార్కెట్లో కాయల లెక్క రాసే పని ఒకటి ఉందన్నారు, ఎడం చేత్తో రాయడం నేర్చుకుంటున్నా. సంచి మోసే చెయ్యి నిలబడితే చాలు. భుజం జారకుండా చూడమని అడుగుతా. రెండోది తర్వాత సంగతి."

ఆ అమ్మాయి ఆ మాటలు ఆయన చెప్పినట్టే ఫైల్లో రాసింది. ఇది సరైన నిర్ణయమో కాదో సర్జను చెప్పాలి. ఇంకొకరైతే వేళ్ల పట్టే కావాలనొచ్చు, అదీ సబబే. ఈ నిర్ణయం మాత్రం ఆయన నోటి నుంచి వచ్చింది.

లోపల్నుంచి టీ గ్లాసులు తెచ్చిన ఆయన భార్య ఇంతసేపూ గుమ్మంలోనే నిలబడి ఉంది. గ్లాసు ఆయన ఎడమవైపు పెట్టింది, కుడి ముంజేతికి దూరంగా, చూసుకోకుండానే.

"ఆయన తీసినవన్నీ ఆయనకి కనపడ్డవేనండి," అంది ఆ అమ్మాయితో. "ఈసారి ఫోను నాకివ్వండి, నేను తీస్తా."

"నువ్వేం తీస్తావే?"

"చొక్కాకి గుండీలు పెట్టేది తీస్తా. నీ వంతు వలుపుకి నేను పోతున్నానే, నా అరచేతులు తీస్తా. బండి అప్పు కాగితం తీస్తా. రాత్రి నువ్వు లేచి కూర్చున్నప్పుడు నేను పడుకున్నాననుకుంటావు. అది తీస్తా."

ఆయన ఏమీ అనలేదు. ఆ అమ్మాయి మాత్రం నియమం నియమమే అంది: "ఆయన్ని అడిగి తీయాలి వదినా."

"ఏమయ్యా, తీయనా?"

"మిగతావి తియ్యి. రాత్రిది వద్దు."

"రాత్రిదే ముందు."

ఆయన టీ తాగాడు. గ్లాసు కింద పెట్టాడు.

"అయితే లైటేసి తియ్యి. నాది నల్లగా వచ్చింది."